కుడివైపు పై గది

పొడుగమ్మ తల ఆమె ఒడిలో ఉంది. ఒడి అనడం పేరుకే. ఆ బరువుకు తొడలు రెండూ మొదట నొప్పెట్టి, తరువాత తిమ్మిరెక్కి, ఇప్పుడు తనవి కానట్లు ఎక్కడో గడ్డి మీద పడి ఉన్నాయి. జిరాఫీ కళ్ళకు గంతలు కట్టారు, చెవుల్లో దూది కుక్కారు, మెత్తలు చుట్టిన పొడవాటి బల్ల మీద మెడను తిన్నగా చాచి పెట్టారు. గొంతు కడుపుకంటే ఎత్తున ఉండాలి, మూతి మాత్రం నేలవైపు వాలి ఉండాలి. ఆ వాలు చెడకుండా చూడటం ఆమె పని. దానితోపాటు చెవి మీదుగా పోయే సన్నని ధమని మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచడం. కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది. అవతల కాళ్ళ దగ్గర చిన్న డాక్టరమ్మ గిట్టలను ఆకురాయితో అరగదీస్తుంటే ఆ చప్పుడు ఎవరో పళ్ళు నూరుతున్నట్లు వినబడుతోంది. పెరిగి వంకర తిరిగిన గిట్టలతో పొడుగమ్మ ఎంతకాలంగానో కుంటుతోంది. ఇంకా జాప్యం చేస్తే కీళ్ళు పోతాయని మత్తు ఇవ్వక తప్పింది కాదు. తక్కిన జంతువుల సంగతి వేరు. జిరాఫీని పడుకోబెట్టడం సులువే, లేపడమే కష్టం. మత్తులో పడుకున్నది లేవకపోతే ఇక ఎన్నటికీ లేవదు. ఈ జంతు ప్రదర్శనశాలలో పనిచేసేవారందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఎప్పుడూ కబుర్లతో మోగిపోయే ఈ కొట్టంలో ఇవాళ దగ్గు కూడా ఎవరూ గట్టిగా దగ్గడం లేదు.

ఎంత దూరం నుంచి వస్తోందీ దెబ్బ. ఎదురొమ్ములో ఎక్కడో ఆ గుండె ఒక్కసారి బిగుసుకుంటే నెత్తురు ఈ మెడ పొడవునా ఎగదన్నుకుని రావాలి. మనిషి గుండె చూపే బలానికి రెండింతలు చూపిస్తే గాని ఈ మెదడుకు చుక్క అందదు. చదువుకునే రోజుల్లో చనిపోయిన జిరాఫీ గుండెను బల్ల మీద పెట్టి కోశారు. ఇంత మెడకు ఎంత గుండె ఉంటుందోనని అందరూ మెడలు చాచి చూస్తే, తీరా అది అనుకున్నంత పెద్దది కాదు. ఎడమ కింది గది గోడ మాత్రం అరచేతి వెడల్పంత మందం. గది చిన్నది, గోడ గొప్పది. పనంతా గోడదే. ఆ గోడను వేలితో తాకినప్పుడు ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎవరు లెక్క కట్టి కట్టించారో గాని, ఇటుక మీద ఇటుక పేర్చినట్లు పోగు మీద పోగు చుట్టి కట్టిన ఆ గోడలో ఒక్క పోగు వృథాగా లేదు. ఆ మాట ఇంటికి వచ్చి అత్తగారితో చెబితే ఆవిడ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఎంతసేపటికీ తెరవలేదు. నిద్రపోయిందేమోనని దగ్గరికి వెళితే, "ఉండవే గొడ్ల డాక్టరూ, ఆయనతో మాట్లాడుతున్నాను," అంది.

ఆవిడ గుండెకు అప్పట్లో ఏ జబ్బూ లేదు. అప్పటికి కొడుకు కూడా ఉన్నాడు. కొడుకు పోయాక ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు. కొంతకాలానికి ఆవిడ గుండె సాగిన సంచిలా పట్టు వదిలేసింది. నెత్తురును ముందుకు తోయలేని గుండె వెనుకకు నిలవ పెట్టుకుంటుంది. ఆ నిలవంతా కాళ్ళలోకి దిగుతుంది. వేలితో నొక్కితే ఆవిడ పాదం మీద గుంట పడుతుంది, ఆ గుంట పూడేదాకా ఇద్దరూ దాని వంకే చూస్తూ కూచుంటారు. వెల్లకిల పడుకుంటే ఊపిరాడదు గనుక దిండ్లకు చేరగిలబడి కూచునే నిద్రపోతుంది. నిద్రలో తల పక్కకు జారితే మెలకువ వచ్చి ఆయాసపడుతుంది. ఆ తల జారకుండా పట్టుకోవడం కోడలి పని. అంటే ఇంట్లోనూ ఇదే పని. ఒడిలో ఒక తల. వేళ్ళ కింద ఒక నాడి. తన ఒంటిలో ఎక్కడో ఒక చోట, ఎముకల లోపల కాబోలు, నిద్ర అప్పులా పేరుకుపోయి ఉంది. ఇప్పుడు కళ్ళు మూతపడితే? పడవు. పడకూడదు. కొట్టుకుంటోంది.

వాసన. ఇందాకటి నుంచీ ఏదో వాసన ముక్కుకు తగులుతూనే ఉంది, గడ్డిదేమో అనుకుంది. గడ్డిది కాదు. పొడుగమ్మ ఊపిరి విడిచినప్పుడల్లా పచ్చి ఆకు నమిలిన వాసన. ఆమె తలెత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి చూసింది. మెడ నడుమ భాగం వద్ద బల్లకు భుజం ఆనించి కూచున్న పెద్దాయన, పొడుగమ్మ పుట్టిన నాటి నుంచీ దానికి మేత వేస్తున్న మనిషి, చప్పున చూపు తిప్పుకున్నాడు. కడుపు ఖాళీగా ఉండాలి, మేత ముట్టనివ్వకూడదు అని అందరిలోకీ అతనికే ఎక్కువసార్లు చెప్పింది. నెమరువేసే జంతువు కడుపులోనిది పైకి రావడానికి అలవాటు పడి ఉంటుంది. మెలకువలో ఉంటే గొంతు దాన్ని గుర్తుపట్టి దారి చూపిస్తుంది, మత్తులో గుర్తుపట్టదు. ఆకు పసరు దారి తప్పి గాలిగొట్టంలోకి దిగితే అంతటి మెడా, అంతటి గుండే ఎందుకూ కొరగావు.

"పెట్టారా?" అంది మెల్లగా.

అతను కాసేపు బల్ల మీది మెత్తను సవరించాడు. "ఒక్క కొమ్మేనమ్మా. పొద్దున నన్ను చూసి కంచె దాకా వచ్చి నిలబడింది. ఆ చూపు చూస్తే ప్రాణం ఒప్పలేదు."

ప్రాణం ఒప్పలేదు. ఏమని తిడుతుంది? ఉప్పు ముట్టకూడదని వైద్యులు కట్టడి చేసిన నాటి నుంచీ అత్తగారు చప్పిడి తిండి ముందు కూచుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా కోడలి వంక చూస్తుంది. ఏమీ అనదు. అనకుండా చూడటంలోనే ఉంది ఆవిడ నేర్పంతా. మొన్న ఆదివారం ఆ చూపుకు తట్టుకోలేక ఆమె తన చేత్తోనే చిటికెడు ఉప్పు తెచ్చి పళ్ళెం అంచున పెట్టింది. అత్తగారు అమృతం తాగినట్లు తిని, తెల్లారేసరికి చెప్పుల్లో పట్టని పాదాలతో మంచం మీద కూచుని, "నీ తప్పేం లేదే, నా కళ్ళదే తప్పు," అంది. ఏ పుస్తకం చదవని పెద్దాయనా, గుండెను కోసి చూసిన తానూ చేసిన పని ఒక్కటే. అతని మీద కోపం రావలసిన చోట ఆమెకు ఒక రకమైన అలసట వచ్చింది. "సరే, మూతి ఇంకాస్త కిందికి వాలాలి. బల్లను మీ వైపు ఒక్క రవ్వ ఎత్తండి," అని మాత్రం అంది. తన తిమ్మిరి కాళ్ళను ఇక కదపడానికి వీల్లేదని అప్పుడే అర్థమైంది. కదిపితే వాలు చెడుతుంది.

కాళ్ళు. పొడుగమ్మ కాళ్ళు చూడు, ఎంత నాజూకుగా ఉంటాయో. అంత ఎత్తు నుంచి దిగే నెత్తురంతా వాటి మీదే నిలబడి ఉంటుంది గదా, ఉబ్బవేం? ఆ చర్మం బిగుతైన మేజోడు. పుట్టుకతోనే తొడిగి పంపించాడు దేవుడు. నీళ్ళు తాగడానికి వంగితే తలలోకి నెత్తురు వరదలా దూసుకుపోకుండా మెదడు మొదట్లో సన్నని నాళాల వల అల్లి పెట్టాడు. కిందికి దిగవలసిన నెత్తురు వెనక్కి తన్నకుండా మెడ సిరల్లో తలుపులు పెట్టాడు. దీనికింత చేసినవాడు అత్తయ్య పాదాలను మరిచిపోయాడా? అని ఒకసారి నోరు జారితే ఆవిడే మందలించింది. మరిచిపోలేదట. పొడుగమ్మకు కోడలు లేదు గనుక మేజోళ్ళు ఇచ్చాడట.

సెలవు రోజుల మధ్యాహ్నాలు అత్తగారికి నిద్ర పట్టదు. పురాణం వినే మనిషి కొత్త ఘట్టం కోసం అడిగినట్లు, "ఇవాళ ఎవరి గుండె చెబుతావే?" అని అడుగుతుంది. బొద్దింక గుండె చెప్పింది ఒకనాడు: వీపు పొడవునా ఒక గొట్టం, అంతే, అక్కడి నుంచి నెత్తురు నాళాల్లో పోదు, ఒంట్లోకి ఒలికిపోతుంది, రంగు లేని మడుగులో అవయవాలన్నీ నానుతూ ఉంటాయి, మళ్ళీ మెల్లగా గొట్టంలోకి చేరుతుంది. ఆవిడ తన పాదాలు చూసుకుని, "అయితే నావి బొద్దింక కాళ్ళయ్యాయన్నమాట," అంది. వానపాము గుండెల సంగతి విని, అంత చిన్న ప్రాణికి అన్ని గుండెలెందుకు, అడిగినవాళ్ళకు ఒకటి ఇచ్చిపోవచ్చు గదా అంది. చేపకు రెండే గదులని, చేప గుండెకు వచ్చేదంతా చెడు రక్తమేనని, దాన్ని అది మొప్పలకు తోస్తే అక్కడ మంచి రక్తమై అటు నుంచి అటే ఒంటికి పోతుంది తప్ప గుండెకు రాదని చెప్పిన రోజున మాత్రం పరిహాసమాడలేదు. "పాపం, పుట్టిన దగ్గర నుంచి ఒక్కసారైనా మంచి నెత్తురు మొహం చూడదా," అని పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. కప్ప గుండెకు మూడు గదులు: పైన రెండు, కింద ఒక్కటే, మంచిదీ చెడ్డదీ రెండూ ఆ ఒక్క గదిలోకే దిగాలి. అత్తా కోడళ్ళు ఒకే వంటింట్లో ఉన్నట్లు, కొట్టుకు చావవూ అని అడిగింది అత్తగారు. లేదత్తయ్యా, పూర్తిగా కలవవు, ఒకదాన్నొకటి తప్పుకుంటూ ఎవరి దారిన అవి పోతాయి. "అయితే అది మనిల్లే," అంది. ఆక్టోపస్‌కు మూడు గుండెలనీ, ఈదేటప్పుడు వాటిలో పెద్ద గుండె ఆగిపోతుందనీ, అందుకే అది ఈదడం మానుకుని నేల మీద పాకడానికే ఇష్టపడుతుందనీ చెబితే ఆవిడ అంది: "తెలివైనది. నువ్వూ ఉన్నావు, ఈదుతూనే ఉంటావు."

కొట్టుకుంటోంది. మధ్యలో ఒక దెబ్బ ఆలస్యమైందా? వేళ్ళు తిమ్మిరెక్కితే నాడి తెలియదు. వేళ్ళు మార్చి చూసింది. ఉంది. కాస్త లోతున ఉంది. "మేడమ్, ముందు కాళ్ళు రెండూ అయిపోయాయి," అంది చిన్న డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ. "మీరు చాలాసేపటి నుంచి అలాగే ఉన్నారు. కాసేపు నేను పట్టుకోనా?" అక్కర్లేదు, నీ పని చూసుకో అని ఈమె అంది; అని, ఈ మాట తాను ఇదివరకే, ఇదే గొంతుతో, ఇంకెవరితోనో అన్నట్లు తోచి ఉలిక్కిపడింది. ఎవరితోనో ఏమిటి, ఆడపడుచుతో. అత్తగారి పెద్ద కూతురు నెలకోసారి ఫోన్ చేసి, అమ్మను కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుంటానని అడుగుతుంది. ఈమె ప్రతిసారీ అక్కర్లేదు వదినగారూ, నేను చూసుకుంటున్నాను కదా అంటుంది. చూసుకుంటున్నాను కదా అన్నప్పుడు గొంతులో ఒక మెట్టు ఎక్కిన ధ్వని ఉంటుందని తనకు తెలుసు. నిన్న ఆ వదినగారు అంది: "నువ్వు బాగా చూసుకుంటున్నావు, నేను కాదన్లేదు. అమ్మ నాకూ అమ్మే కదా?" ఈమె ఆలోచించి చెబుతానంది. పొద్దున కాళ్ళకు బిగుతు మేజోళ్ళు ఎక్కించుకుని, బూట్లు వేసుకుంటూ అత్తగారి దగ్గర ఆ సంగతి ఎత్తింది. ఆమె కాళ్ళ నరాలు కూడా ముడులు పడి ఉబ్బుతున్నాయి, రోజంతా నిలబడే ఉద్యోగం. కొన్నాళ్ళు వదినగారింటికి వెళ్ళి వస్తారా అత్తయ్యా అంది. అత్తగారు గోడవైపు తిరిగింది. వెనక్కి తిరగకుండానే, "వెళ్ళు అనడానికి రెండు మాటలెందుకు, ఒక్కటి చాలదూ," అంది. వెళ్ళి వస్తారా అన్నాను గదా, రెండో మాట మీకు వినబడలేదా అని అడగబోయి, ఆలస్యమవుతోందని గడప దాటింది. సాయంకాలం వదినగారు మళ్ళీ ఫోన్ చేస్తుంది. ఏం చెప్పాలి?

చెడు రక్తం. ఈ మాట ఎవరు పెట్టారో. బడిలో సైన్సు మాస్టారు గుండె బొమ్మ వేయించి, మంచి రక్తానికి ఎర్ర పెన్సిలు, చెడు రక్తానికి నీలం పెన్సిలు వాడమన్నారు. అది మొదలు తానూ అదే మాట చిలకలా చెబుతూ వచ్చింది, విద్యార్థులకు, కాపలావాళ్ళకు, కిందటేడు అత్తగారికి కూడా. పాత క్యాలెండరు కాగితం వెనుక నాలుగు గదుల ఇల్లు గీసి చూపించింది. ఇదుగో కుడివైపు పై గది, ఒళ్ళంతా తిరిగిన చెడు రక్తం ఇక్కడికి వస్తుంది. కింది గదిలోకి దిగి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ గాలి పోసుకుని మంచి రక్తమై ఎడమవైపు పై గదికి వస్తుంది. ఎడమ కింది గది దాన్ని మళ్ళీ ఒళ్ళంతటికీ తోస్తుంది. మనకు ఎదురుగా బొమ్మలో ఉన్న కుడి అసలు ఎడమ అని చెప్పడం మరిచిపోతే ఆవిడ తన ఎదమీద చెయ్యి వేసుకుని వెతుక్కుంది. తరువాత అడిగింది: "అయితే దేవుడు ఏ గదిలో ఉంటాడే?" ఈమె నవ్వింది. "నవ్వకు. గుండెల్లో ఉంటాడని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. చదువుకున్నదానివి, చోటు చూపించమంటున్నాను. మంచి రక్తం గదిలోనే ఉంటాడులే, శుభ్రంగా ఉంటుంది." అప్పుడు ఏదో పని తగిలి ఈమె లేచి వెళ్ళింది. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

చెడ్డదెందుకైంది అది? బయలుదేరినప్పుడు ఎర్రగా, నిండుగా, గుండె తోసిన తోపుతో వెళ్ళింది; దారి పొడవునా ఎవరికి కావలసింది వాళ్ళకు ఇచ్చింది, మెదడుకు ఇచ్చింది, కనురెప్పకు ఇచ్చింది, గిట్ట మొదట్లో ఉన్న కణానికి కూడా ఇచ్చింది; ఇచ్చిన చోటల్లా వాళ్ళ మసి తన మీద వేసుకుంది. వచ్చేటప్పుడు తోసేవాళ్ళు లేరు. గుండె బలం ఆ చివరికి అందదు. మనిషి నడిచినప్పుడు పిక్క కండ నొక్కితే ఒక్క మెట్టు పైకి, జారిపోకుండా వెనకాల తలుపు మూసుకుంటే ఒక్క క్షణం నిలకడ, మళ్ళీ ఒక్క మెట్టు. అలా పాదం నుంచి గుండె దాకా ఎగబాకి వచ్చేసరికి నల్లబడి ఉంటుంది. ఇంటికి వచ్చిన దాన్ని గడపలోనే చెడ్డదని పిలుస్తాం. అది చెడలేదు. అలసింది. అలసిన రక్తం. ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు? సాయంకాలం బూట్లతో గడప దాటి, చేతులు కడుక్కోకముందే ఎవరైనా ఏదైనా అడిగితే విసుక్కుని, విసుక్కున్నందుకు తన మీద తానే కోపం తెచ్చుకునే ఆడమనిషిని కూడా చెడ్డదనే అనుకుంటూ వచ్చింది తాను, ఇన్నాళ్ళూ, అద్దంలో.

వెచ్చగా ఏదో తొడ మీద కారింది. ఆకుపచ్చ. పొడుగమ్మ మూతి మూల నుంచి పసరు సన్నగా దిగుతోంది. వెంటనే ఇంకాస్త, ఈసారి నమిలిన ఆకు ముక్కలతో. మూతిని ఇంకా వంచాలి, గొంతును ఇంకా ఎత్తాలి, ఇప్పుడే. మోకాళ్ళ మీద లేవబోతే కాళ్ళు లేవలేదు. తన కాళ్ళు తన మాట వినలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె దాన్ని నమ్మలేకపోయింది. తరువాత నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే కొత్తగా వినబడింది.

"ఇటు రా. తల పట్టుకో. నా వల్ల కావడం లేదు."

చిన్న డాక్టరమ్మ ఆకురాయి పారేసి వచ్చి, ఒక్క ఊపులో ఆ తలను తన భుజానికెత్తుకుని మూతిని నేలకు వంచింది. పెద్దాయన బల్ల ఎత్తాడు. పసరు గడ్డిలోకి ధారగా పోయింది, ఆగింది. ఈమె చేతిగుడ్డ వేలికి చుట్టి నోటి లోపలంతా తుడిచి, ముక్కు దగ్గర చెంప పెట్టి చూసింది. ఊపిరి. గరగర లేదు. ఊపిరి. పెద్దాయన పెదవులు ఏదో జపిస్తున్నట్లు కదులుతున్నాయి; అతను తన తప్పు తలుచుకుంటున్నాడో, దేవుణ్ణి తలుచుకుంటున్నాడో తెలియదు, ఆ వేళ రెండూ ఒకటే కాబోలు. ఈమె మళ్ళీ చెవి మీద వేళ్ళు పెట్టింది. దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. దెబ్బ. మధ్యన ఉన్న ఆ ఖాళీ ఎంత పెద్దదంటే అందులో ఒక మనిషి బతుకంతా కూచోవచ్చు. ఆ ఖాళీని చూసి భయపడటం నేర్పారు ఆమెకు, భయపడవలసిందే. కాని ఆ ఖాళీ లేకుండా గుండె లేదని కూడా నేర్పారు, అదెందుకో మరిచిపోయింది. తన గదుల నిండా నెత్తురు పెట్టుకుని కూడా గుండె అందులో నుంచి తన ఆకలి తీర్చుకోలేదు. ఊరందరికీ పంపినట్లే తన వంతు కూడా బయటికి పంపి, సన్నని నాళాల్లో తిరిగి తెచ్చుకోవాలి. బిగుసుకున్నంతసేపూ ఆ నాళాలు గోడల మధ్య నలిగి ఉంటాయి. సడలినప్పుడే, పని ఆపిన ఆ రవ్వంత ఎడంలోనే, వాటిలోకి నెత్తురు దిగుతుంది. అంటే గుండె భోంచేసేది విశ్రాంతిలోనే. విశ్రాంతి లేని గుండెకు తిండి లేదు. అరచేతి మందం గోడ కట్టినవాడు ఆ గోడకు రోజంతా పని చెప్పి, ప్రతి పనికీ చివర ఒక కునుకు కూడా రాసిపెట్టాడు. ఆ కునుకును దొంగతనం అనుకున్నది తాను.

"మేడమ్, వెనక కుడి గిట్ట సగంలో ఉంది," అంది చిన్న డాక్టరమ్మ భుజం మీది బరువుతో రొప్పుతూ. "ఆపేద్దామా, పూర్తి చేద్దామా?"

పూర్తి చేయకుండా దేన్నీ వదలని మనిషి అని ఆమెకు పేరు. "చాలు. ఆ ఒక్కటీ ఇంకోసారి చూద్దాం. విరుగుడు ఇచ్చేద్దాం," అంది.

మెడ సిరలోకి విరుగుడు మందు ఎక్కించి, చెవుల్లో దూది తీసి, గంతలు విప్పారు. తలను మళ్ళీ తానే చేతుల్లోకి తీసుకుంది. ఎంతో సేపు కాకపోవచ్చు, ఆమెకు మాత్రం యుగంలా తోచింది. మొదట చెవి కదిలింది. తరువాత రెప్ప; ఆ పొడవాటి వెంట్రుకల కింద కన్ను తెరుచుకుని, ఏమీ గుర్తుపట్టకుండా, అతి దగ్గరగా ఆమెను చూసింది. వేళ్ళ కింద నాడి ఒక్కసారిగా నిండింది. మెడ కండ బిగుసుకుంది. ఇప్పుడు వదలాలి. జిరాఫీ మెడ విసిరి, ఆ విసురుతోనే ఒళ్ళెత్తుకుంటుంది. తలను పట్టుకున్నంతసేపూ అది లేవలేదు. పొద్దున అందరినీ నిలబెట్టి చెప్పిందే ఈ మాట, నేను చెప్పగానే అందరూ ఒక్కసారే వదిలెయ్యాలి అని. అందరూ వదిలేశారు. ఆమె చేతులు మాత్రం వదల్లేదు. పట్టుకుని ఉన్నాయని ఆమెకు తెలియను కూడా తెలియలేదు. తిమ్మిరెక్కిన ఒంటిలో చేతులు కూడా కాళ్ళలాగే ఎక్కడో ఉన్నాయి. పొడుగమ్మ ఒకసారి తల ఎగరేయబోయి, ఆగి, కింద పడింది. మళ్ళీ ప్రయత్నించి పడింది. ముక్కుల్లోంచి వేడి గాలి.

"వదలండి డాక్టరమ్మా," అన్నాడు పెద్దాయన. గొంతులో ఆజ్ఞ లేదు, చిన్నపిల్ల చేతిలోంచి నిద్రలో బొమ్మ తీసుకుంటున్న మృదుత్వం ఉంది. "ఇక అది చూసుకుంటుంది."

వదిలింది. ఒక్కొక్క వేలూ విడివడింది. ఆ మెడ గాలిలోకి వెళ్ళింది, వెనక్కి ఊగింది, ముందుకు విసిరింది. గడ్డి లేచింది, వెనుక కాళ్ళు వంకరగా నేలను వెతుక్కున్నాయి, దొరకబుచ్చుకున్నాయి, మోకాళ్ళ మీద ఒక క్షణం సాగిలపడినట్లు ఆగి, ఆ తరువాత పొడుగమ్మ నిలబడింది. నిలబడి తూలింది. అంత ఎత్తుకు నెత్తురు చేరాలి గదా, గుండె ఒక్క ఊపున తోయాలి గదా. అందరూ ఊపిరి బిగబట్టి ఆ గుండె తరఫున తామే తోస్తున్నట్లు నిలబడ్డారు. తూలడం ఆగింది. అది చెవులు విదిలించి, ఇంత రాద్ధాంతం దేనికన్నట్లు చుట్టూ చూసి, గోడ పక్కకు నడిచింది. సగం చెక్కిన గిట్ట టకటకమంది. తక్కిన మూడూ మెత్తగా, తిన్నగా ఆనాయి. పెద్దాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈమె అతని భుజం తట్టి, ఇంకెప్పుడూ పెట్టకండి అనబోయి, రేపటి నుంచి మేతలో లేత కొమ్మలే వెయ్యండి, గొంతు మంటగా ఉంటుంది అంది.

అందరూ బల్లలూ తాళ్ళూ మోసుకుని వెళ్ళిపోతున్నారు. మేడమ్ లేవండి, చెయ్యి అందుకోండి అంటే, మీరు పదండి, వస్తాను అని ఆమె గోడకు వీపు ఆనించి, కాళ్ళు రెండూ చాపుకుని, పసరు మరకల పైజామాతో ఆ గడ్డిలోనే కూచుండిపోయింది. కాళ్ళలోకి నెత్తురు తిరిగి వస్తోంది. సూదులు. వెయ్యి సూదులు. తిరిగి వచ్చేది ఊరికే రాదు. పైకి, మెల్లగా, తలుపు మీద తలుపు దాటుకుంటూ. ఎదురుగా ఉన్న కిటికీలోంచి ఎండ ఒక పలకలా పడి, అందులో గడ్డి దుమ్ము ఎవరి ఆజ్ఞా లేకుండా తిరుగుతోంది. జేబులో ఫోన్ మోగింది.

"లేచిందా నీ పొడుగమ్మ?" పొద్దుటి అలక గొంతులో ఇంకా ఉంది, దాని చాటున ఆయాసం.

"లేచింది అత్తయ్యా."

"నాకు తెలుసు. పొద్దుటి నుంచీ దాని గురించే ఆయన్ను విసిగిస్తున్నాను. నువ్వేం చేస్తున్నావు?"

"కూచున్నాను."

"నువ్వా?" అంది అత్తగారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆమె నవ్వింది. ఆ తరువాత, ఎక్కడా ఆలోచించకుండా, ఇందాక వేళ్ళు విడివడినట్లే మాటలు విడివడ్డాయి: వదినగారిని రమ్మనండి, కొన్నాళ్ళు ఆవిడ దగ్గర ఉండి రండి. అవతల దిండు సర్దుకున్న అలికిడి, కూడదీసుకున్న ఊపిరి.

"మళ్ళీ తెచ్చుకుంటావా?"

"తెచ్చుకోనా? మీరు లేకపోతే ఈ గుండెల కథలు ఎవరికి చెప్పను?"

"ఊఁ," అంది అత్తగారు. ఆ ఊఁ లోపల రెండో మాట కూడా ఆవిడకు వినబడిందని ఈమెకు తెలిసింది.

"అత్తయ్యా. మీరు అడిగారే, ఏ గది అని. నాకిప్పుడు తెలిసింది. కుడివైపు పై గది."

"అదేమిటే, చెడు రక్తం వచ్చే గది కాదూ అది?"

"చెడ్డది కాదత్తయ్యా. అలసింది. అది తిరిగి వచ్చేసరికి ఎవరో ఒకరు తలుపు తీసి ఉండాలి కదా."

అవతలి నుంచి ఊపిరి వినబడింది, ఒకటి, ఒక ఎడం, మళ్ళీ ఒకటి. గోడ పక్కన పొడుగమ్మ మెడ వంచి, ఆమె జుట్టును ఒకసారి వాసన చూసి వదిలేసింది.

"అయితే," అంది అత్తగారు, "నువ్వూ కాసేపు అక్కడే కూచుని రావే."